తంగేడు పువ్వు కషాయం, షుగరు మాత్ర: ఉదయగిరి వైపు ఒక కేసు

రోగి 56 ఏళ్ల రైతు. నెల్లూరు జిల్లా ఉదయగిరి వైపు మెట్ట పొలంలో కంది, సజ్జ వేస్తారు. ఏడేళ్లుగా షుగరు ఉంది. వాడుతున్న మందులు రెండే: మెట్‌ఫార్మిన్ 500 మి.గ్రా. రోజుకు రెండుసార్లు, గ్లిమెపిరైడ్ 2 మి.గ్రా. పొద్దున ఒకటి. బీపీ మాత్రల్లేవు, ఇన్సులిన్ లేదు. బరువు 64 కిలోలు. (ఆయన్ను ఎవరూ గుర్తుపట్టకుండా ఉండేందుకు ఒకటి రెండు వివరాలు మార్చాం.)

కార్తీకమాసంలో తంగేడు విరగబూస్తుంది. పొలం గట్టున, కొండవాలులో ఎటు చూసినా పసుపే. ఆ పువ్వు కషాయం తాగితే షుగరు దిగిపోతుందని తెలిసినవాళ్లు చెప్పారు. వాళ్ల మాట మీద ఆయన రోజూ గుప్పెడు పూలు దూసుకొచ్చి, లీటరు నీళ్లలో వేసి, పావు వంతు మిగిలేదాకా అరగంట మరిగించి, పరగడుపున గ్లాసుడు తాగడం మొదలుపెట్టారు. ఎక్కువైన పూలను ఎండబెట్టి సంచిలో దాచుకున్నారు. వర్షం పడి పొలానికి వెళ్లలేని రోజుల్లో ఆ ఎండువి వాడారు.

మూడు వారాలు గడిచాయి. ఒకరోజు పొద్దున 10:40 ప్రాంతంలో పొలంలో ఉండగా చెమటలు పట్టాయి, చేతులు వణికాయి, కళ్లు మసకబారాయి, గట్టు మీద కూలబడ్డారు. పక్క చేలో వాళ్లు కూల్‌డ్రింక్ తాగించి, మోటారు సైకిలు మీద ఊళ్లోకి తెచ్చారు. ఆర్‌ఎంపీ దగ్గర గ్లూకోమీటరులో చూస్తే 58. అప్పటికే కూల్‌డ్రింక్ కడుపులో పడింది కాబట్టి, పొలంలో ఇంకా తక్కువే ఉండి ఉండాలి. ఇరవై నిమిషాల తర్వాత 91కి వచ్చింది.

రెండు రోజుల తర్వాత మా దగ్గరికి వచ్చారు. నాలుక ఎండిపోయి ఉంది, బీపీ 104/68. అడిగితే తప్ప చెప్పని విషయం ఇంకొకటి ఉంది. పది రోజులుగా రోజుకు మూడు, నాలుగు విరేచనాలవుతున్నాయి. కషాయం ఒంట్లో చెడును బయటికి తోస్తోందని అనుకున్నారట. పరీక్షల్లో హెచ్‌బీఏ1సీ 7.9 వచ్చింది. నాలుగు నెలల కిందట అది 8.4. క్రియాటినిన్ (మూత్రపిండాల పనితీరు చెప్పే పరీక్ష) 1.2, హిమోగ్లోబిన్ 12.8, కాలేయ పరీక్షలు మామూలుగానే ఉన్నాయి.

హెచ్‌బీఏ1సీ తగ్గింది కదా అని ఆయన, వెంట వచ్చిన కొడుకు ఇద్దరూ సంతోషంగానే ఉన్నారు. అక్కడే ఆగి ఆలోచించాల్సి వచ్చింది. హెచ్‌బీఏ1సీ అంటే దాదాపు మూడు నెలల సగటు. రోజూ ఒక పూట షుగరు అట్టడుక్కి జారిపోతున్నా సగటు తగ్గుతుంది. ఆ తగ్గుదల ఆరోగ్యం కాదు.

సంచిలో ఏముంది

ఏ మూలికతోనైనా ఇబ్బంది వచ్చిందంటే, వాడిన సరుకును కళ్లారా చూడకుండా ఏమీ తేల్చకూడదు. ఎండబెట్టిన పూల సంచి తెమ్మన్నాం. లోపల ప్లాస్టిక్ పొర ఉన్న ఖాళీ యూరియా సంచి అది. మూతి విప్పగానే ముక్కిన వాసన కొట్టింది. అడుగున పూలు ఉండలు కట్టి, విడదీస్తే బూడిదరంగు దుమ్ము లేచింది.

పైపొర నుంచి వంద గ్రాములు తీసి, తెల్లకాగితం మీద పరిచి, చేత్తో ఏరి వేరు చేశాం. రేకులు, మొగ్గలు కలిపి 52 గ్రాములు. లేత కాయలు, తొడిమలు, పువ్వు కింది ఆకుపచ్చ గిన్నెలు 23. ఆకులు, ఈనెలు 19. మిగతా 6 గ్రాములు మట్టి, పురుగుల పెంకులు, గొంగళి రెట్ట. ఆ పెంకుల్లో నలుపు మీద నారింజ పట్టీలున్న పురుగులు రెండు, చెక్కుచెదరకుండా దొరికాయి. కంది రైతులకు ఈ పురుగు బాగా పరిచయం. కంది పూతను తినేసేది, చేత్తో నలిపితే చర్మం మీద బొబ్బలు లేపేది ఇదే. దాని ఒంట్లో ఉండే కాంథరిడిన్ విషం ఎండినా, మరిగించినా పోదు. కడుపులోకి వెళితే పేగుల్ని, మూత్రపు దారిని మండిస్తుంది. కంది చేలు పూతలో ఉన్నప్పుడు గట్టు మీది తంగేటి పూలలోనూ ఇది చేరుతుంది.

అంటే ఆయన ‘పువ్వు కషాయం’ అనుకుని తాగినదాంట్లో పువ్వు సగమే.

ఈ లెక్క ఎందుకు ముఖ్యమంటే, తంగేడు విరేచనాలకు వాడే సునాముఖికి దగ్గరి చుట్టం. ఇంతకుముందు కాసియా ఆరిక్యులేటా అనేవారు, ఇప్పుడు శాస్త్రీయ నామం సెన్నా ఆరిక్యులేటా. ఈ జాతి మొక్కల ఆకుల్లో, కాయల్లో విరేచనం చేయించే ఆంథ్రాక్వినోన్ పదార్థాలుంటాయి. రేకుల వరకే తీసుకుంటే రుచి వగరు, గుణం కాస్త బంధించేది. అదే కొమ్మను గుప్పెట్లో పట్టి కిందినుంచి పైకి దూస్తే పువ్వుతో పాటు లేత కాయ, ఆకు అన్నీ వచ్చేస్తాయి. గుణం తలకిందులవుతుంది. మలబద్ధకం రావాల్సిన మనిషికి విరేచనాలు పట్టుకోవడానికి కారణం ఇదే. అరగంట మరిగించడంతో కాయలో, ఆకులో ఉన్నది చాలావరకు నీళ్లలోకి దిగింది. ఎండు పూలు వాడిన రోజుల్లో బూజు, ఆ పురుగు కూడా దానికి తోడై ఉండాలి.

షుగరు ఎందుకు పడిపోయింది

పువ్వు షుగరును దించేసిందని ఊళ్లో అందరూ అనుకున్నారు. మా అంచనా వేరు. ఆయన దినచర్యను గంటగంటకు రాయించాక అసలు సంగతి తేలింది.

మునుపు గ్లిమెపిరైడ్ మాత్రను ఎనిమిది గంటలకు టిఫిన్‌తో వేసుకునేవారు. కషాయం మొదలుపెట్టాక తెల్లవారి ఆరింటికే వేసుకుంటున్నారు. “పొద్దున్నే ఎట్టాగూ కషాయం తాగుతుండా గదా సార్, మాత్ర గూడా అప్పుడే మింగేస్తే ఒక పనైపోద్ది గదా అనుకున్నా” అన్నారు. కషాయం వగరుకు ఆకలి చచ్చిపోయి, టిఫిన్ మానేసి నేరుగా పొలానికి వెళుతున్నారు. ఇంటినుంచి క్యారేజీ వచ్చేసరికి పదకొండు.

గ్లిమెపిరైడ్ పని తీరు తెలిస్తే ఇందులో ప్రమాదం ఎక్కడుందో అర్థమవుతుంది. రక్తంలో చక్కెర ఉన్నా లేకున్నా క్లోమం చేత ఇన్సులిన్ విడుదల చేయిస్తుంది. మింగిన రెండు మూడు గంటలకు జోరు మీదుంటుంది, రోజంతా ఎంతోకొంత పని చేస్తూనే ఉంటుంది. అందుకే మొదటి భోజనంతోనే వేసుకోమంటారు. ఆయన విషయంలో మాత్ర జోరు మీదున్న వేళకు కడుపులో తిండి లేదు, పైగా పలుగు పట్టి పని చేస్తున్నారు, విరేచనాలతో ఒంట్లో నీరు తగ్గింది. వీటన్నిటి మీద కషాయం. మెట్‌ఫార్మిన్ ఒక్కటే అయితే ఇంత దిగజారడం అరుదు. అయితే విరేచనాలతో నీరు తగ్గి మూత్రపిండాలు నీరసిస్తే మెట్‌ఫార్మిన్‌తో వేరే చిక్కు ఉంది. లాక్టిక్ ఆమ్లం పేరుకుపోవచ్చు. క్రియాటినిన్ 1.2 దగ్గరే ఆగడం ఆయన అదృష్టం.

కాబట్టి తప్పు పాళ్లు ఇవి: మొదటిది మాత్ర వేళ మారడం, రెండోది టిఫిన్ మానడం, మూడోది విరేచనాలు. పువ్వు ఆ తర్వాతే. కానీ ఆ మూడింటికీ దారి తీసింది పరగడుపున తాగాలన్న సలహానే.

పువ్వులో నిజంగా ఉన్న బలం

తంగేడును కొట్టిపారేయడం మా ఉద్దేశం కాదు. ఆయుర్వేదంలో దీన్ని ఆవర్తకి అంటారు. తమిళ సిద్ధ వైద్యంలో ఆవారై పేరుతో వేరు, బెరడు, ఆకు, పువ్వు, కాయ ఐదూ మధుమేహానికి వాడతారు. ఆవారం పూసిన చోట చావు ఎక్కడిదని తమిళంలో సామెతే ఉంది. నెల్లూరు వాళ్లకు మద్రాసు రాకపోకలు ఎక్కువ కనుక ఆవారం పూ పొడి పొట్లాలు మన అంగళ్లలోనూ కనబడతాయి. మన దగ్గర తంగేటి జున్ను అంటే చేతికందే ఎత్తులో, అడక్కుండానే దొరికే మేలు. ఇంత దగ్గరగా, ఇంత విరివిగా దొరికే మొక్కను జనం వదులుకోమంటే వదులుకోరు, వదులుకోవాల్సిన పనీ లేదు.

ప్రయోగాల విషయానికొస్తే, 2002లో అన్నామలై విశ్వవిద్యాలయం పరిశోధకులు మధుమేహం కలిగించిన ఎలుకలకు తంగేడు పువ్వు నీటి సారాన్ని 30 రోజులు ఇచ్చి చూశారు. కిలో బరువుకు 0.45 గ్రాముల మోతాదులో చక్కెర తగ్గింది, కొవ్వులూ తగ్గాయి. 2004లో మరో పరిశోధనలో తంగేడు సారం పిండిపదార్థాన్ని చక్కెరగా విడగొట్టే పేగుల ఎంజైమును అడ్డుకుంటుందని తేలింది. షుగరుకు వాడే అకార్బోస్ మాత్ర చేసే పని కూడా అదే. ఇవన్నీ ఎలుకల మీద జరిగినవి, వాడింది సారం. ఆ 0.45ని మన బరువుతో గుణించి పువ్వులు తూచుకోవడం తప్పు లెక్క. అయితే రెండో పరిశోధన నుంచి ఆచరణకు పనికొచ్చే సంగతి ఒకటుంది. పువ్వు పని చేసేది తిన్న అన్నం మీద, ఇడ్లీ మీద అయితే, ఖాళీ కడుపున తాగి లాభం లేదు. తిండితో పాటో, తిన్న వెంటనేనో తాగాలి.

అదే 2004లో శ్రీలంక పరిశోధకులు ఇంకో విషయం చూపించారు. మూర్ఛకు వాడే కార్బమాజిపిన్ మందుతో కలిపి తంగేడు టీ ఇచ్చిన ఎలుకల రక్తంలో ఆ మందు పాళ్లు పెరిగాయి. అంతకుముందు 1981లో శ్రీలంకలోనే జరిగిన పరిశీలనలో, కాలేయానికి హాని చేసే పైరోలిజిడిన్ ఆల్కలాయిడ్లున్న నాటు మూలికల్లో తంగేడు కూడా ఉందని తేలింది. ఏళ్ల తరబడి రోజూ తాగవద్దని, మధ్యలో ఆపుతుండాలని చెప్పడానికి ఆధారం ఇదే.

ఆపడం, మళ్లీ మొదలుపెట్టడం

మొదటి రెండు వారాలు కషాయం పూర్తిగా మానిపించాం. విరేచనాలు తగ్గేదాకా ఉప్పు, చక్కెర కలిపిన ఓఆర్‌ఎస్ నీళ్లు, పలచని మజ్జిగ, గంజి ఇచ్చాం. మూడో రోజుకు కట్టాయి. ఆయనకు మాత్రలు రాసిన ఫిజీషియన్‌తో మాట్లాడితే, విరేచనాలు ఆగేవరకు మెట్‌ఫార్మిన్ ఆపించారు, గ్లిమెపిరైడ్‌ను 1 మి.గ్రా.కు తగ్గించి టిఫిన్‌తోనే వేసుకోమన్నారు. మాత్రల మోతాదు మార్చే పని మాత్రలు రాసిన డాక్టరుదే. మూలిక ఇచ్చేవాళ్లు గానీ, రోగి గానీ అందులో చెయ్యి పెట్టకూడదు.

జేబులో గ్లూకోజ్ పొడి పొట్లం పెట్టుకోమన్నాం. వణుకు, చెమట మొదలవగానే మూడు టీస్పూన్లు, అంటే 15 గ్రాములు, అరగ్లాసు నీళ్లలో కలిపి తాగాలి. పావుగంట తర్వాత మళ్లీ చూసుకుని 70 దాటకపోతే ఇంకోసారి తాగాలి. బెల్లం ముక్క, చక్కెర కాకుండా గ్లూకోజే ఎందుకంటే, చక్కెర పేగులో విడివడితేనే రక్తంలోకి చేరుతుంది. విడగొట్టే ఎంజైమును పువ్వు అడ్డుకునే అవకాశం ఉన్నప్పుడు దాన్ని నమ్ముకోకూడదు. అకార్బోస్ వాడేవారికి చెప్పే జాగ్రత్తే ఇది.

కషాయం లేని రెండు వారాల్లో పరగడుపు షుగరు 138 నుంచి 152 మధ్య ఉంది. ఒక్కసారి కూడా కింద పడలేదు. కషాయం ఆపి, మాత్ర మోతాదు తగ్గించి, మాత్ర, టిఫిన్ వేళలు సరిచేస్తే సమస్య తీరిపోయిందని అర్థం.

మూడో వారం నుంచి, ఫిజీషియన్‌కు చెప్పి, పువ్వును తక్కువ మోతాదులో మొదలుపెట్టాం. శుభ్రంగా ఆరబెట్టిన రేకులు 2 గ్రాములు, టిఫిన్ తిన్న వెంటనే, వారానికి ఐదు రోజులు. పువ్వు ఏ మేరకు పని చేస్తోందో చూడ్డానికి నాలుగు రోజులు ఒకే టిఫిన్ పెట్టించాం: మూడు ఇడ్లీలు, వేరుశనగ చట్నీ. రెండు రోజులు టీతో, రెండు రోజులు టీ లేకుండా. తిన్న రెండు గంటలకు టీ లేని రోజుల్లో 196, 188. టీ ఉన్న రోజుల్లో 179, 183. చూడ్డానికి తగ్గినట్టే ఉంది. కానీ ఇంట్లో వాడే గ్లూకోమీటరుకు అటూ ఇటూ 15 శాతం తేడా సహజం. పది, పదిహేను అంకెల తేడాను పువ్వు ఖాతాలో వేయలేం. ఆయనకూ అదే చెప్పాం. హాని చేయడంలేదు, ఇష్టమైతే కొనసాగించవచ్చు, మాత్ర మాత్రం మానవద్దు అని.

మూడు నెలలకు హెచ్‌బీఏ1సీ 7.3. ఈ లోపల రాత్రి అన్నం మూడు వంతుల నుంచి ఒక వంతుకు తగ్గించి సజ్జ రొట్టె తింటున్నారు. సాయంత్రం టీలో చక్కెర మానేశారు. మాత్ర ఒక్కపూట కూడా తప్పలేదు. ఈ తగ్గుదలలో పెద్ద పాలు వీటిదే.

పూలు కోసే పద్ధతి

ముందు మొక్కను సరిగ్గా గుర్తుపట్టాలి. తంగేడు మనిషెత్తు పొద. ఆకు ఈనెకు ఎనిమిది నుంచి పన్నెండు జతల చిన్నాకులు. జతకూ జతకూ నడుమ సన్నని మొటిమ లాంటి గ్రంథి ఉంటుంది. ఆకు మొదట్లో కొమ్మకు అంటుకుని, చెవి ఆకారంలో వెడల్పాటి పత్రం ఉంటుంది. దీని శాస్త్రీయ నామంలోని మాటకు అర్థం కూడా ‘చెవులున్నది’ అనే. కాయ పలచగా, కాగితంలా చదునుగా ఉంటుంది. ఈ చెవి కనబడకపోతే కోయవద్దు.

రోడ్ల పక్కన నాటిన సీమ తంగేడు వేరే చెట్టు. దాని ఆకుల మాత్రలు వాడినవారిలో కాలేయ వాపు థాయ్‌లాండ్‌లో బయటపడింది. కసివింద పువ్వూ పసుపే. దాని ఆకుల జతలు మూడు నుంచి ఐదే, కొసలు సూదిగా ఉంటాయి, నలిపితే దుర్వాసన. పడమటి ఉత్తరప్రదేశ్‌లో ఏటా పిల్లల్ని బలిగొన్న జబ్బుకు కారణం కసివింద గింజలేనని 2007లో వైద్యులు నిర్ధారించారు. అన్నిటికంటే ప్రమాదం పచ్చగన్నేరు. తుంచితే పాలు కారతాయి, గుండెను ఆపే విషం. ఎండిపోయాక పసుపు రేకులన్నీ ఒకేలా కనిపిస్తాయి కాబట్టి, ఎవరో ఎండబెట్టి ఇచ్చినవి కాకుండా పచ్చిపూలు మీరే కోసుకోవడం మేలు.

కోసే చోటు కూడా ముఖ్యమే. కలిగిరి, కొండాపురం వైపు పొగాకు, కంది చేల గట్లన మందు కొట్టే రోజుల్లో కోయవద్దు. చేనుకు కనీసం వంద అడుగుల దూరం, తారు రోడ్డుకు కూడా అంతే దూరం ఉన్న బీడు చూసుకోవాలి. మంచు ఆరాక, ఎండ ముదరకముందు, అంటే ఏడు నుంచి తొమ్మిది గంటల మధ్య కోయాలి. పూర్తిగా విచ్చిన పువ్వులను ఒక్కొక్కటిగా తుంచాలి, కొమ్మను దూయవద్దు. పలచని గుడ్డ సంచిలో వేసుకోవాలి. పాలిథిన్ కవరులో వేస్తే ఇల్లు చేరేలోపు చెమర్చి నల్లబడతాయి.

ఇంటికి రాగానే తెల్లగుడ్డ మీద పరిచి పావుగంట వదిలేస్తే చీమలు, పురుగులు వాటంతట అవే బయటికి వస్తాయి. నారింజ పట్టీల పురుగును చేత్తో ముట్టకుండా పుల్లతో తీసేయాలి. తర్వాత ఐదు రేకులను లాగి, కింది ఆకుపచ్చ గిన్నెను, నడుమ కొడవలిలా వంగి ఉండే ఆకుపచ్చ కాడను పారేయాలి. కాయయ్యేది ఆ కాడే. చెమ్మ అందులోనే దాక్కుంటుంది, బూజు అక్కడే మొదలవుతుంది. రేకులను ఉప్పు నీళ్లలో ఒకసారి ముంచి తీసి, వడకట్టి, గుడ్డతో అద్దాలి. నానబెట్టవద్దు.

ఆరబెట్టేది నీడలోనే. ఎండలో పెడితే రెండు రోజుల్లో రంగు వెలిసి గడ్డిలా అవుతాయి. నూలు గుడ్డ మీద ఒక్క పొరగా పరిచి, పైన పలచని గుడ్డ కప్పి, గాలి ఆడే వసారాలో పెట్టాలి. రోజుకు రెండుసార్లు తిరగెయ్యాలి. పొడి గాలి ఉంటే మూడు, నాలుగు రోజులు చాలు. మన జిల్లాలో చిక్కు ఏమిటంటే పూత ఉధృతంగా ఉండేది సరిగ్గా వాయుగుండాల కాలంలో. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ముసురు పట్టిందంటే వారమైనా ఆరవు. అలాంటప్పుడు ఫ్యాను గాలి పెట్టాలి. అదీ కుదరకపోతే ఎండబెట్టడం మానేసి పచ్చివే పప్పులో వేసుకోవాలి. రెండో రోజుకు పూలు జిగటగా తగిలాయంటే ఆ బ్యాచ్ పారేయండి, ఎండలో వేసి బాగుచేద్దామని చూడొద్దు.

రేకును వేళ్ల మధ్య నలిపితే మడత పడకుండా పెళపెళ విరగాలి. కిలో పచ్చి రేకులకు 180 నుంచి 200 గ్రాముల ఎండు రేకులు వస్తాయి. 250 వచ్చాయంటే చెమ్మ ఇంకా ఉన్నట్టు. గాజు సీసాలో, చీకట్లో పెడితే ఆరునెలలు బాగుంటాయి. మొదటి వారం సీసా గోడలకు లోపలివైపు ఆవిరి పట్టిందేమో రోజూ చూడాలి.

టీ, పప్పు, నలుగు

టీకి ఒకరికి 200 మి.లీ. నీళ్లు, 2 గ్రాముల ఎండు రేకులు. పచ్చివైతే 10 గ్రాములు, అంటే సుమారు పాతిక పూల రేకులు. నీళ్లు మరిగాక పొయ్యి ఆపి, అప్పుడు రేకులు వేసి, మూతపెట్టి ఐదు నుంచి ఏడు నిమిషాలు ఉంచి, గుడ్డతో వడగట్టాలి. గిన్నె స్టీలుదైనా మట్టిదైనా ఫరవాలేదు, ఇనుప గిన్నె వద్దు. పువ్వుకు వగరునిచ్చే టానిన్లు ఇనుముతో కలిస్తే నీళ్లు నల్లబడతాయి. కలపడానికి ఉదయగిరి చెక్క గరిటె ఇంట్లో ఉంటే అదే వాడుకోవచ్చు. టీ లేత గడ్డిరంగు బంగారంలా ఉండాలి. టీ డికాషన్ లాగా ముదురుగా దిగితే ఎక్కువసేపు ఉంచినట్టు, వగరు ఎక్కి కడుపు బిగుస్తుంది. బెల్లం, తేనె వేసి షుగరుకు మందని తాగడంలో అర్థం లేదు.

పప్పు నలుగురికి: పెసరపప్పు 100 గ్రాములు మెత్తగా ఉడికించి, పచ్చి రేకులు రెండు గుప్పిళ్లు, అంటే దాదాపు 40 గ్రాములు, చివర్లో వేసి ఐదు నిమిషాలు మగ్గనివ్వాలి. మొదటే వేస్తే రేకు కరిగిపోయి వగరంతా పప్పులో దిగుతుంది. పసుపు, ఉప్పు, పచ్చిమిర్చి రెండు, ఎల్లిపాయ, ఎండుమిర్చి తాలింపు. దించాక నిమ్మరసం పిండాలి, పొదలకూరు నిమ్మకాయ ఒకటి చాలు. పులుపు వగరును విరిచేస్తుంది. టానిన్లు ఆహారంలోని ఇనుమును ఒంటికి పట్టనివ్వవు, నిమ్మలోని సి విటమిన్ ఆ నష్టాన్ని కొంత పూడుస్తుంది. కొత్తగా తినేవాళ్లకు టీ కంటే ఈ పప్పే మంచి మొదలు. వారానికి ఒకటి రెండుసార్లు తింటే మామూలుగా ఇబ్బంది రాదు.

ఒంటి వేడికి, చెమటకాయలకు నలుగు పిండి: ఎండు రేకులు 100 గ్రాములు, పెసలు 200, కస్తూరి పసుపు 25, కలిపి మరపట్టించుకోవాలి. కంటికి పువ్వు రసం పిండే అలవాటు కొన్ని ఇళ్లలో ఉంది. అది మానుకోండి, ఇంట్లో పిండిన రసం ఏదీ కంటికి తగలకూడదు.

తాగకూడనివాళ్లు

గర్భిణులు, పాలిచ్చే తల్లులు, పిల్లలు, కాలేయ జబ్బున్నవారు, కార్బమాజిపిన్ వాడేవారు అసలు తాగవద్దు. మూత్రపిండాల జబ్బున్నవారు ఆ జబ్బు చూసే డాక్టరును (నెఫ్రాలజిస్టును) అడగకుండా మొదలుపెట్టకూడదు. రక్తహీనత ఉన్న ఆడవాళ్లు తాగాలనుకుంటే ఐరన్ మాత్రకు రెండు గంటల దూరంలో తాగాలి. ఇన్సులిన్ గానీ, గ్లిమెపిరైడ్, గ్లిక్లజైడ్, గ్లిబెన్‌క్లమైడ్ లాంటి మాత్రలు గానీ వాడేవారి ఇంట్లో గ్లూకోమీటరు లేకపోతే ఈ టీ వద్దు. ఆపరేషన్ ఉంటే రెండు వారాల ముందే ఆపి, మత్తు డాక్టరుకు చెప్పాలి.

మొదలుపెట్టినవారు మొదటి వారం రోజూ, ఆ తర్వాత వారానికి రెండుసార్లు పరగడుపున, తిన్న రెండు గంటలకు చూసుకుని నోటుబుక్కులో రాసుకోవాలి. పక్కనే మాత్ర వేసుకున్న వేళ, టిఫిన్ తిన్న వేళ కూడా రాయాలి. ఈ కేసులో అసలు కారణం దొరికింది ఆ రెండు గడుల్లోనే. ఎనిమిది వారాలు తాగితే నాలుగు వారాలు ఆపాలి, ఆపినప్పుడు కాలేయ పరీక్ష ఒకసారి చేయించుకోవాలి. మూత్రం ముదురు రంగులో వచ్చినా, కళ్లు పచ్చబడినా, రెండు రోజులు మించి విరేచనాలయినా వెంటనే ఆపి, సీసాతో సహా డాక్టరు దగ్గరికి వెళ్లాలి.

ఆ రైతు ఇప్పుడు ఎనిమిది వారాలు పూర్తిచేసి విరామంలో ఉన్నారు. కాలేయ పరీక్ష మామూలుగానే వచ్చింది. గ్లిమెపిరైడ్ 1 మి.గ్రా. దగ్గరే కొనసాగుతోంది. యూరియా సంచి పారేసి గాజు సీసా తెచ్చుకున్నారు. దాని మీద కొడుకు కోసిన తేదీ రాసి అంటించాడు.